జీవోత్పత్తి రహస్యాన్వేషి - హాల్డేన్

జె.బి.ఎస్. హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రఖ్యాత శరీరధర్మ శాస్త్రవేత్త. గనులలోని విషవాయువులను పరిశోధించే ఆయన ఒకసారి బాలుడైన కుమారుణ్ణి గనిలోకి తీసుకొనిపోయి, మీథేన్ నిండిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని వల్లించమన్నారట. కొన్ని పంక్తులకే బాలుడు ఒగర్చి కూలబడ్డాడు. నేలకు చేరువలో గాలి స్వచ్ఛంగా ఉండడంతో తేరుకున్నాడు. మీథేన్ గాలికంటె తేలికైనదని ఆ బాలుడు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. తన దేహాన్నే ప్రయోగశాలగా చేసుకొనే అలవాటు ఆయనకు జీవితాంతం ఉండేది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో జలాంతర్గామి నావికుల రక్షణకై పీడన గదులలో తనపైనే ప్రయోగాలు జరుపుకొని వెన్నెముకకు గాయం తెచ్చుకున్నారు.

విశ్వవిద్యాలయంలో ఆయన చదివినవి గణితం, గ్రీకు, లాటిన్ సాహిత్యాలు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. సాహిత్యం బోధించేవారికి ఈ సంగతి ఒకింత సంతోషం కలిగిస్తుంది.

జీవులు కాలక్రమంలో ఎలా పరిణమించాయో డార్విన్ వివరించారు. తొలి జీవి ఎలా పుట్టిందన్న ప్రశ్న మిగిలిపోయింది. 1929లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసంలో హాల్డేన్ దానిని చేపట్టారు. ఆదిమ వాతావరణంలో ఆక్సిజన్ లేదు. కనుక ఓజోన్ పొర కూడా లేదు. సూర్యుని అతినీలలోహిత కిరణాలు నిరాటంకంగా భూమిని చేరి నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియాల నుండి సేంద్రియ పదార్థాలను పుట్టించాయి. వాటిని ఆరగించే ప్రాణి లేనందున అవి సముద్రాలలో పోగుపడ్డాయి. వెచ్చని ఆ పలుచని రసంలోనే తమను పోలినవాటిని సృష్టించుకోగల అణువులు ఏర్పడి ఉంటాయని ఆయన ఊహించారు. జీవాణువులలోని కుడి ఎడమల పొందిక ప్రాణులన్నింటిలో ఒకే తీరుగా ఉండడాన్ని బట్టి, అవి ఏకమూల సంతతి కావచ్చునని తర్కించారు.

రష్యాలో ఒపారిన్ 1924లోనే ఇటువంటి భావాన్ని ప్రకటించారని అప్పటికి హాల్డేన్ ఎరుగరు. తరువాత తెలిసినప్పుడు ఆ ప్రథమస్థానాన్ని నిస్సంకోచంగా ఒపారిన్‌కే ఇచ్చారు. పండితలోకంలో ఇది అరుదైన గుణం. 1953లో చికాగోలో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి మిశ్రమంలో విద్యుత్ మెరుపులు పుట్టించి అమినో ఆమ్లాలను రాబట్టారు. ఆదిమ వాతావరణ స్వరూపంపై చర్చ మాత్రం నేటికీ సాగుతూనే ఉంది.

1957లో హాల్డేన్ కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. భారతీయ వస్త్రధారణను, శాకాహారాన్ని స్వీకరించారు. 1961లో భారత పౌరులయ్యారు. తెలుగువారైన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యులలో ఒకరు. భువనేశ్వర్‌లో పరిశోధనశాలను నెలకొల్పిన కొద్దికాలానికే క్యాన్సర్ సోకగా, ఆ వ్యాధిపైనే హాస్యకవిత రాసి ప్రచురించారు. 1964 డిసెంబరు 1వ తేదీన మరణించారు. వీలునామాలో కోరిన విధంగా, వైద్యవిద్యార్థుల అధ్యయనం కోసం ఆయన భౌతికకాయం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.