మౌన రక్షకుడు – జార్జ్ వెజినా

క్రీడారంగంలో గోలు చేసినవానికి దక్కే కీర్తి వేరు, గోలు కాకుండా అడ్డుకున్నవానికి దక్కే కీర్తి వేరు. మొదటివానిని సహచరులు భుజాలమీద ఊరేగిస్తారు. మరునాటి పత్రికలు అతని ఛాయాచిత్రాన్ని ప్రచురిస్తాయి. రెండవవాడు తన పని సక్రమంగా నిర్వర్తించినంతసేపు స్కోరుబోర్డులో ఏ మార్పూ కనిపించదు. అతడు ఒక్కసారి తప్పితే మాత్రం ఆ తప్పు అంకెగా మారి వేలాది ప్రేక్షకుల కళ్ళ ఎదుట నిలుస్తుంది. ఇటువంటి కృతజ్ఞతలేని స్థానంలో పదిహేనేళ్ళపాటు ఒక్క ఆటయినా మానకుండా నిలబడి, తుదకు ఆ స్థానంలోనే కుప్పకూలిన ధీరుడు కెనడా దేశపు ఐస్ హాకీ గోల్‌కీపరు జార్జ్ వెజినా.

హాకీ అనగానే మనకు గుర్తుకు వచ్చేది పచ్చిక మైదానమూ, ధ్యాన్‌చంద్ పేరూ. మన దేశంలో మంచుమీద ఆడే హాకీ లడఖ్, హిమాచల్ ప్రదేశ్ వంటి హిమాలయ ప్రాంతాలకే పరిమితం. కనుక ఈ ఆటను గురించి రెండు మాటలు చెప్పడం అవసరం. గడ్డకట్టిన మంచుపై, అడుగున ఉక్కు పలకలు అమర్చిన స్కేట్లు ధరించి, ఆటగాళ్ళు జారుతూ ఆడే ఆట ఇది. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాని మందం ఒక అంగుళం, వ్యాసం మూడు అంగుళాలు, బరువు సుమారు 170 గ్రాములు. ఆరు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు గల గోలు ముందు నిలిచి, బాణంలా దూసుకువచ్చే ఆ బిళ్ళను ఆపడమే గోల్‌కీపరు ధర్మం.

బాల్యం

జార్జ్ వెజినా 1887 జనవరి 21న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, సాగెనే నదీతీరాన ఉన్న చికూటిమి పట్టణంలో జన్మించాడు. శీతకాలం దీర్ఘంగా, తీవ్రంగా ఉండే ప్రాంతమది. అక్కడి ప్రజల మాతృభాష ఫ్రెంచి. తండ్రి రొట్టెల బట్టీ నడిపేవాడు. ఎనమండుగురు సంతానంలో జార్జ్ కడపటివాడు. పధ్నాలుగో యేట చదువు మాని తండ్రికి సాయంగా బట్టీలో పనికి కుదిరాడు.

చిన్ననాటినుండి వీధిలో తోటిపిల్లలతో హాకీ ఆడేవాడు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఆయన స్కేట్లు తొడగడం ప్రారంభించినది పదహారో యేట, స్థానిక జట్టులో చేరిన తరువాతనే! అంతవరకు మామూలు బూట్లతోనే గోలు ముందు నిలబడేవాడు. పరుగుతో నిమిత్తం లేకుండా చూపునూ చేతినీ నమ్ముకొనే అలవాటు ఆయనకు బహుశా అప్పుడే అబ్బి ఉంటుంది.

కీర్తి సోపానాలు

1909 డిసెంబరులో మాంట్రియల్ నగరంలో కెనడియన్స్ అనే జట్టు వెలిసింది. ఫ్రెంచి భాషీయుల జట్టుగా దానికి ప్రత్యేకమైన గుర్తింపు ఉండేది. ఆ జట్టు 1910 ఫిబ్రవరి 17న చికూటిమికి వచ్చి ఊరి కుర్రవాళ్ళతో ప్రదర్శన పోటీ ఆడింది. డబ్బు తీసుకొని ఆడే నిపుణులు ఒక పక్క, వినోదంకోసం ఆడే పట్టణవాసులు మరొక పక్క. కాని గెలుపు చికూటిమి వారిది! నిపుణుల జట్టుకు ఆ రోజున గోల్‌కీపరుగా ఉన్న జోసెఫ్ కాటరినిచ్ ఎదుటి గోలులో నిలిచిన యువకుని నిబ్బరానికి ముగ్ధుడై, అతనిని తమ జట్టులోకి తీసుకోవలసిందిగా యాజమాన్యానికి సిఫారసు చేశాడు. తన స్థానానికే ముప్పు తెచ్చే ప్రతిభను గుర్తించి, తానే పిలిచి పీట వేసిన కాటరినిచ్ ఔదార్యం కూడ ఇక్కడ స్మరణీయం.

1910 డిసెంబరు 31న ఒట్టావా జట్టుతో జరిగిన పోటీలో వెజినా కెనడియన్స్ తరఫున మొదటిసారి ఆడాడు. ఆనాటినుండి జట్టు ఆడిన ప్రతి ఆటలోనూ గోలు ముందు నిలిచినది ఆయనే. వరుసగా 328 లీగ్ పోటీలు, వాటికి తోడు 39 ఫైనల్ దశ పోటీలు ఒక్కటి కూడ తప్పకుండా ఆడాడు. ఏడు సీజన్లలో అతి తక్కువ గోలులు ఇచ్చిన కీపరుగా నిలిచాడు. 1917లో నేషనల్ హాకీ లీగ్ ఏర్పడిన తరువాత, 1918 ఫిబ్రవరి 18న టొరంటోపై జట్టు 9–0తో నెగ్గినప్పుడు, ఎదుటివారికి ఒక్క గోలు కూడ ఇవ్వని మొదటి కీపరుగా ఆ లీగ్ చరిత్రలో ఆయన పేరు నమోదయింది.

ఈ సంఖ్యల విలువ గ్రహించాలంటే ఆనాటి పరిస్థితులు తెలియాలి. అప్పటి గోల్‌కీపర్లకు ముఖకవచం లేదు. కాళ్ళకు తోలు కవచాలు తప్ప చెప్పుకోదగ్గ రక్షణ లేదు. అంతేకాదు, పక్‌ను ఆపడానికి మంచుమీద పడటం, మోకరిల్లడం నిబంధనలకు విరుద్ధం. అలా చేసినవారికి శిక్ష తప్పదు. 1918 జనవరిలో లీగ్ ఈ నిబంధనను తొలగించింది. ఇతర కీపర్లు వెంటనే నేలకు వాలి ఆడటం నేర్చుకున్నారు. వెజినా మాత్రం తుదివరకు నిటారుగా నిలబడే ఆడాడు.

ఎంతటి ఒత్తిడిలోనూ ఆయన ముఖంలో కలవరం కనిపించేది కాదు. ఆంగ్లేయులు నిబ్బరం గల మనిషిని చల్లని దోసకాయతో పోలుస్తారు. అందుచేత అభిమానులు ఆయనకు చికూటిమి దోసకాయ అని ముద్దుపేరు పెట్టారు. మితభాషి కావడంవల్ల మౌనవాసి అన్న అర్థం వచ్చే మరొక బిరుదు కూడ ఉండేది. సీజను ముగియగానే నగరాన్ని విడిచి స్వగ్రామం చేరి, తన తోళ్ళు పదునుచేసే కర్మాగారం చూసుకొనేవాడు. కీర్తి ఆయన జీవన విధానాన్ని మార్చలేదు.

ఆయన మౌనం ఒక వింత కట్టుకథకు కూడ దారితీసింది. వెజినాకు ఇరవై ఇద్దరు పిల్లలని జట్టు యజమాని లియో దాందురాన్ పరిహాసంగా పత్రికలవారికి చెప్పాడు. ఆంగ్లం అంతగా రాని వెజినా దానిని ఖండించలేదు. ఆ మాట దశాబ్దాలపాటు సత్యంగా చెలామణి అయింది. వాస్తవానికి 1908లో వివాహమాడిన ఆ దంపతులకు ఇద్దరు కుమారులు. 1916లో పోర్ట్‌లాండ్ జట్టును ఓడించి కెనడియన్స్ తొలిసారి స్టాన్లీ కప్పు గెలిచిన రాత్రే రెండవ కుమారుడు జన్మించాడు. ఆ సంతోషంతో పిల్లవానికి మార్సెల్ స్టాన్లీ అని నామకరణం చేశారు. 1924లో రెండవసారి ఆ కప్పు లభించింది.

ఈ రెండు విజయాల నడుమ ఒక విషాదం ఉంది. 1919లో సియాటిల్ నగరంలో స్టాన్లీ కప్పు ఫైనల్ జరుగుతూ ఉండగా, అప్పుడు ప్రపంచాన్ని గడగడలాడిస్తున్న ఇన్‌ఫ్లుయెంజా జట్టులో ప్రవేశించింది. పోటీలు అర్ధాంతరంగా నిలిచిపోయాయి. ఏప్రిల్ 5న సహచరుడు జో హాల్ కన్నుమూశాడు. ఆ సంవత్సరం కప్పు ఎవరికీ దక్కలేదు. రోగం ముందు క్రీడాకారుని కండబలం ఎంత అల్పమో వెజినా ఆనాడే కళ్ళారా చూశాడు.

చివరి ఆట

1925 శరత్కాలంలో జట్టు సాధనకు వచ్చిన వెజినా మునుపటి వెజినా కాడు. కొద్ది వారాలలోనే శరీరం బాగా శుష్కించిపోయింది. ఆయన ఎవరితోనూ మొరపెట్టుకోలేదు. నవంబరు 28న మాంట్రియల్‌లో పిట్స్‌బర్గ్ జట్టుతో పోటీ. ఒంట్లో 102 డిగ్రీల జ్వరం. అయినా ఎప్పటివలెనే గోలు ముందు నిలబడి, మొదటి భాగంలో ఒక్క గోలు కూడ ఇవ్వలేదు. విరామ సమయంలో నోటివెంట రక్తం పడింది. దానినీ లెక్కచేయక రెండవ భాగానికి తిరిగివచ్చాడు. కొన్ని క్షణాలలోనే మంచుమీద ఒరిగిపోయాడు. పదిహేనేళ్ళలో మొదటిసారిగా మరొకరు వచ్చి ఆ స్థానంలో నిలబడవలసి వచ్చింది.

వైద్యులు పరీక్షించి క్షయ అని నిర్ధారించారు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొన్నప్పటికీ, దానిని జయించే స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని వెలుగు చూడలేదు. అప్పటి రోగులకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం మాత్రమే చికిత్స. వెజినా చివరిసారిగా సహచరులను చూసి, సెలవు పుచ్చుకొని, చికూటిమికి వెళ్ళిపోయాడు. 1926 మార్చి 27న అక్కడి ఆసుపత్రిలో, 39వ యేట తుదిశ్వాస విడిచాడు. ఆయన లేని ఆ సీజనులో కెనడియన్స్ జట్టు లీగ్‌లో అట్టడుగు స్థానానికి దిగజారింది. గోలు ముందు నిలిచిన ఒక్క మనిషి విలువ ఎంతో ఆ పట్టికే చెప్పింది.

చెరగని జ్ఞాపకం

జట్టు యజమానులు దాందురాన్, లెటూర్నో, కాటరినిచ్ ఆయన స్మృత్యర్థం లీగ్‌కు ఒక ట్రోఫీ బహూకరించారు. పదహారేళ్ళ క్రితం చికూటిమిలో ఆయనను కనుగొన్న కాటరినిచ్ పేరే ఈ దాతలలోనూ ఉండడం గమనించదగినది. 1926–27 సీజనునుండి, అతి తక్కువ గోలులు ఇచ్చిన జట్టు కీపరుకు వెజినా ట్రోఫీ లభించింది. వెజినా వారసుడు జార్జ్ హేన్స్‌వర్త్ దానిని తొలి మూడేళ్ళూ గెలుచుకున్నాడు. 1981–82నుండి ఉత్తమ కీపరును జట్ల జనరల్ మేనేజర్లు ఓటుద్వారా ఎన్నుకొంటున్నారు. 1945లో హాకీ కీర్తిమందిరంలో స్థానం పొందిన మొదటివారిలో వెజినా ఒకడు. చికూటిమిలోని మంచు క్రీడాశాల ఆయన పేరునే ధరించింది.

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితంనుండి మనం నేర్వవలసినది ఏమిటి? కర్తవ్యదీక్ష అని వెంటనే సమాధానం చెప్పవచ్చు, అది సరియైనదే. కాని దానితో ఆగిపోతే సగమే నేర్చినట్లు. గోలు ముందు ఆయనకు కీర్తి తెచ్చిన మౌనమే రోగం ముందు ఆయనకు శత్రువయింది. రక్తం కక్కుతూ మంచుమీదికి తిరిగివెళ్ళడాన్ని సాహసమని పొగడడం తేలిక. అది అనుకరించదగినది మాత్రం కాదు. క్షయ ఒకరినుండి ఒకరికి సోకే వ్యాధి. దానిని దాచుకొన్నవాడు తనకేగాక తనవారికి కూడ ముప్పు తెచ్చిపెడతాడు.

ఈ సందర్భంలో అదే కెనడియన్స్ జట్టుకు చెందిన మరొక గోల్‌కీపరును తలచుకోవాలి. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో పక్ తగిలి ముఖం చిట్లిన జాక్ ప్లాంట్, కుట్లు వేయించుకొని, ముఖకవచం ధరిస్తే తప్ప ఆడనని పట్టుపట్టాడు. శిక్షకునికి అది ఇష్టం లేకపోయినా ప్లాంట్ వెనుదీయలేదు. పిరికివాడన్న నిందను లెక్కచేయలేదు. తరువాత కవచం లేని కీపరే కనిపించకుండా పోయాడు. ఆ ప్లాంట్ వెజినా ట్రోఫీని ఏడుసార్లు గెలుచుకున్నాడు. తన్ను తాను కాపాడుకొన్నందువల్ల అతని ధైర్యానికి ఏ లోటూ రాలేదు.

ఇంటిలో, కళాశాలలో, సంఘంలో గోలు చేసేవారు కొందరే ఉంటారు. గోలు కాకుండా కాపాడేవారు అనేకులు. వారి పేర్లు ఏ స్కోరుబోర్డుకూ ఎక్కవు. అటువంటివారందరికీ వెజినా ప్రతినిధి. ఆయన నిలకడను మనం అలవరచుకొందాం. అంతటి రక్షకునికి కూడ ఆ సాయంకాలం, ఇక చాలు, వెళ్ళి విశ్రమించమని చెప్పగల ఒక మిత్రుడు అవసరమై ఉండెనని మరువకుండా ఉందాం.