పెరటి పూలను చదివిన మాస్టారు

మన హాస్టల్లో నీళ్ళ తొట్టి పక్కన కానుగ చెట్టు ఉండేది. గజ్జి వచ్చిన పిల్లల్ని ఆదివారం పూట వరసగా నిలబెట్టి కానుగ నూనె రాయించే రోజులు పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటాయి. ఆ వరసలో మేమూ నిలబడ్డాం. ఆ వాసనకు రెండు రోజులు పక్కన ఎవరూ పడుకునేవాళ్ళు కాదు. ఆ నూనెలో ఏముందో అడగాలని అప్పుడు మాకు తోచలేదు. ఎమ్మెస్సీకి వచ్చాక కానుగ గింజల మీద పాత పరిశోధన వ్యాసాలు వెదుకుతుంటే వాల్తేరు నుంచి వచ్చిన ఒక పేరు పదే పదే తగిలింది. ఆచార్య టి. ఆర్. శేషాద్రి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మన పిల్లలందరికీ తెలుసు. శేషాద్రి గారి పేరు కెమిస్ట్రీ వాళ్ళకు తప్ప తెలియదు. అందుకే ఈ సంచికకు ఆయన జీవితం రాస్తామని మేమే అడిగి రాస్తున్నాం.

ఆయన 1900 ఫిబ్రవరి 3న తమిళనాడులో కావేరి ఒడ్డున ఉన్న కుళిత్తలైలో పుట్టారు. తండ్రి బడిపంతులు. శ్రీరంగం, తిరుచిరాపల్లిలో చదువుకుని 1917లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. డబ్బుకు ఇబ్బంది అయితే రామకృష్ణ మిషన్ ఆదుకుంది. చదువు పూర్తయ్యాక ఒక ఏడాది ఆ మిషన్‌లోనే పనిచేశారు. ఇక్కడ మన పిల్లలు ఆయనా మనలాంటివాడే అనుకుంటే పూర్తిగా నిజం కాదు. ఆయన ఇంట్లో అప్పటికే అక్షరం ఉంది. మా ఇంట్లో డిగ్రీ చేతికి తీసుకున్న మొదటివాళ్ళం మేమే, మీలో చాలామంది ఇళ్ళలో కూడా అంతే. ఆ తేడా దాచిపెట్టి రాయడం మాకు ఇష్టం లేదు. పరాయి సొమ్ముతో చదువుకున్నానన్న సంగతి మనసులో పెట్టుకుని బతకడం ఎలా ఉంటుందో మాత్రం ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు.

1927లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్ళి మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేశారు. రాబిన్సన్‌కు తర్వాత 1947లో నోబెల్ వచ్చింది. 1929లో పీహెచ్‌డీ అయ్యాక ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఫ్రిట్జ్ ప్రెగల్ దగ్గరకు వెళ్ళారు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతోనే అందులో కార్బన్ ఎంత, హైడ్రోజన్ ఎంత అని తేల్చే పద్ధతి కనిపెట్టి 1923లో నోబెల్ పొందినవాడు ప్రెగల్. తట్టెడు పూల నుంచి చిటికెడు పొడి మాత్రమే చేతికొచ్చే పనిలో ఈ విద్య ఎంత అక్కరకొస్తుందో ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

తిరిగివచ్చి కొంతకాలం కోయంబత్తూరులో మట్టి పరీక్షలు చేసి, 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. విశ్వవిద్యాలయం అప్పటికి ఇంకా కొత్తది. రసాయనశాస్త్ర విభాగాన్ని దాదాపు మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది.

ఏ పదార్థం మీద పనిచేయాలి అన్నప్పుడు ఆయన విదేశాల నుంచి తెప్పించలేదు. చేలోనూ దొడ్లోనూ ఉన్నవే తీసుకున్నారు. పత్తి పూలు, గంగరావి పూలు, ఎర్ర గోంగూర పూలు, కానుగ గింజలు, మసాలాలో వేసే రాతిపువ్వు. మా అమ్మ పత్తి చేలో కూలికి వెళ్ళేది. పూసిన రోజు లేత పసుపుగా ఉన్న పత్తి పువ్వు మర్నాటికి ఎర్రబడడం ఆమె రోజూ చూసేది. ఆ రంగు ఏమిటి, ఏ జాతి పత్తిలో ఏ రంగు పదార్థం ఎంత ఉంది అని శేషాద్రి గారు, ఆయన శిష్యుడు నీలకంఠం గారు ఏళ్ళ తరబడి తేల్చారు.

పని తీరు ఇలా ఉండేది. పూల రేకులను ఆల్కహాల్‌లో మరిగించి, ఆ ఆల్కహాల్‌ను బట్టీపట్టి తీసేసి, మిగిలినదాన్ని ఒక్కో ద్రావణితో విడదీస్తూ పోవాలి. చివరికి పసుపు పచ్చని స్ఫటికాలు దిగుతాయి. ఆ స్ఫటికం పేరు చెప్పే యంత్రం ఆ రోజుల్లో లేదు. దాన్ని క్షారంతో పగలగొట్టి, ముక్కలను గుర్తించి, అసలు అణువు ఫలానా విధంగా ఉండాలని ఊహించాలి. తర్వాత అదే అణువును ఫ్లాస్కులో తయారుచేసి, పువ్వులో దొరికినదానితో కలిపి కరిగించి చూడాలి. రెండూ ఒకటే అయితే కరిగే ఉష్ణోగ్రత మారదు. వేరైతే పడిపోతుంది. ఒక్క పదార్థానికి ఏళ్ళు పట్టేవి. ఇప్పుడు ఈ మొత్తాన్ని కెమికల్ ప్రొఫైలింగ్ అంటున్నారు. హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటే ఒక పూటలో ఒక మొక్క సారంలోని పదుల పదార్థాల జాబితా కంప్యూటర్ మీద పడుతుంది. జాబితాలోని పేర్లకు అర్థం మాత్రం అలా పగలగొట్టి చూసినవాళ్ళు ఇచ్చిందే.

ఉల్లిపొట్టులో ఉండే క్వెర్సెటిన్‌కు అయిదు హైడ్రాక్సిల్‌లు ఉంటాయి. పత్తి పువ్వులోని గాసిపెటిన్‌కు ఆరు. ఎర్ర గోంగూర పువ్వు నుంచి 1942 ప్రాంతంలో ఆయన బృందం తీసిన హైబిసెటిన్‌కు ఏడు. మొక్క ఒక మెట్టు తర్వాత ఒక మెట్టుగా ఆక్సిజన్‌ను చేర్చుకుంటూ పోతుందని ఆయన లెక్కకట్టి, అదే మెట్టును గాజు ఫ్లాస్కులో ఎక్కించి చూపించారు. మేము మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాం. గోంగూర పచ్చడి తిన్నన్నాళ్ళూ దాని పువ్వు వంక మేము చూడనేలేదు!

ఆ 1942లోనే దెబ్బ పడింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాల్తేరు భవనాలు సైన్యం చేతికి వెళ్ళాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. తొమ్మిదేళ్ళు కష్టపడి అమర్చుకున్న ప్రయోగశాలను ఊడదీసి తీసుకుపోవలసి వచ్చింది. అయినా ఆ యుద్ధపు ఏళ్ళ సంచికలు తిరగేస్తే ఆయన బృందం వ్యాసాలు వరసగా కనిపిస్తాయి. ల్యాబ్‌లో ఒక్క పరికరం చెడిపోయిందని మేము నెల రోజులు ప్రాజెక్టు ఆపేశాం. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

మరి ఈ పదార్థాలు మందులేనా అని తమ్ముళ్ళు అడుగుతారు. ఆయన ముందు అణువును తేల్చారు. మందు అవునా కాదా అన్నది వెనక వచ్చింది. బెండ కుటుంబానికే చెందిన ఒక అడవి మొక్క పూల నుంచి తీసిన గాసిపిన్ ఎలుకల్లో వాపును తగ్గిస్తుందని ఆయన పోయాక 1978లో వచ్చిన పరిశోధన చూపించింది. కానుగలోని కరంజిన్‌ను మొదట తీసినవారు పుణేకు చెందిన లిమయే గారు. దాని పక్కనే ఉండే పొంగమాల్ మీద శేషాద్రి, రంగస్వామి గార్లు పనిచేశారు. కరంజిన్‌కు పురుగులను చంపే గుణం ఉందని తేలింది. పత్తి గింజలోని గాసిపాల్ కథ వేరు. దాని నిర్మాణం మీదా ఆయన బృందం పనిచేసింది. 1970లలో చైనాలో దాన్ని మగవాళ్ళకు గర్భనిరోధక మాత్రగా వేలమందికి ఇచ్చి చూశారు. కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి మళ్ళీ పిల్లలు పుట్టే శక్తి తిరిగి రాలేదు. చివరికి మానేశారు. చెట్టు నుంచి వచ్చింది కదా, ఏ హానీ ఉండదు అని సంతలో పొడి పొట్లాలు అమ్మేవాళ్ళను చూస్తే మాకు గాసిపాలే గుర్తొస్తుంది.

1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. వాల్తేరులో ఆయన శిష్యులు ఆ పని కొనసాగించారు. అక్కడికి వెళ్ళినా మన నేలను వదల్లేదు. కడప, చిత్తూరు కొండల ఎర్రచందనం చెక్కలోని ఎర్రరంగు శాంటాలిన్ మీద 1970లలో కూడా ఆయన బృందం పనిచేస్తూనే ఉంది. 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ వచ్చాయి. వెయ్యికి పైగా వ్యాసాలు రాశారు, 150 మందికి పైగా పీహెచ్‌డీలు చేయించారు. 1975 సెప్టెంబరు 27న కన్నుమూశారు.

వార్షికోత్సవానికి మేము వచ్చేటప్పుడు మెగ్నీషియం తీగ ముక్క, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆల్కహాల్ తెస్తాం. సైన్స్ సార్ దగ్గరుండగా చేద్దాం. వంటగది వెనక మడిలో ఎర్ర గోంగూర పూస్తే, తమ్ముళ్ళూ, ఓ గుప్పెడు రేకులు నీడన ఎండబెట్టి ఉంచండి. వాటిని ఆల్కహాల్‌లో మరిగించి వడగట్టి తీగ ముక్క, ఆమ్లం వేస్తే రంగు ఎలా మారుతుందో మీ కళ్ళతో మీరే చూడవచ్చు.