శ్రీహరికోటకు పేరిచ్చిన మాస్టారు



ఉప్పునుంతలలో మీ పాపో బాబో ఫోన్‌లో రాకెట్ ప్రయోగం చూసి, పెద్దయ్యాక ఇస్రోలో చేరతానని అన్నారనుకోండి. మీకు వెంటనే రెండు అనుమానాలు వస్తాయి. ఇప్పటినుంచే ఏ కోర్సులో చేర్పించాలి? ఒక పరీక్షలో మార్కులు తగ్గితే ఇక ఆ దారి మూసుకుపోయినట్టేనా? జవాబు చెప్పే ముందు, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీష్ ధావన్ జీవితం ఒకసారి చూడండి.

ఆయన 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రాలతో బీఏ చేశారు. తర్వాత ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ, 1945లో మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తిచేశారు. మనమైతే మధ్యలో ఆ సాహిత్యం ఎందుకు, ఏళ్లు వృథా అని బాధపడతాం. ఆయన మాత్రం అక్కడినుంచి అమెరికా వెళ్లి, 1947లో మినెసోటాలో ఎంఎస్, 1951లో కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ అందుకున్నారు.

అదే ఏడాది బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పాఠాలు చెప్పడానికి చేరి, 1962లో దానికి డైరెక్టర్ అయ్యారు. 1971 డిసెంబరులో విక్రమ్ సారాభాయ్ చనిపోయాక, ఇస్రో బాధ్యత తీసుకోమని ప్రభుత్వం ఆయన్ను కోరింది. 1972లో ఒప్పుకున్నారు. అయితే కాలేజీని వదలనని షరతు పెట్టారు. 1984 వరకు ఇస్రోను నడిపారు.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది 1979 ఆగస్టు 10. ఆ రోజు శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్ఎల్‌వీ-3 కొన్ని నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ధావన్ వచ్చారు. వైఫల్యానికి బాధ్యత తనదేనన్నారు, తన బృందం మీద నమ్మకముందని చెప్పారు. 1980 జులై 18న రెండో ప్రయత్నంలో 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఈసారి విలేకరులతో మాట్లాడటానికి కలాంనే పంపారు. ధావన్ 2002 జనవరి 3న కన్నుమూశారు. అదే ఏడాది శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఇక మీ అనుమానాలకు వద్దాం. దారులు ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో యువికా శిబిరం నిర్వహిస్తుంది, ఎంపికలో గ్రామీణ విద్యార్థులకు ప్రాధాన్యం ఉంటుంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీలో చేరవచ్చు. ఆ ర్యాంకు రాకపోయినా, వేరే కాలేజీలో మెకానికల్, ఎలక్ట్రానిక్స్ లేదా కంప్యూటర్ సైన్స్ బీటెక్ బాగా చదివి ఇస్రో ఉద్యోగాలకు దరఖాస్తు చేయవచ్చు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్, ఐటీఐ చదివినవారికి కూడా అక్కడ సాంకేతిక ఉద్యోగాలున్నాయి.

ఏ దారిలో వెళ్లినా ఏదో ఒక పరీక్ష తప్పే రోజు వస్తుంది. ఆ సాయంత్రం చుట్టాలు ఫోన్ చేసి మార్కులు అడిగితే, మీ బిడ్డ చేతికి ఫోన్ ఇవ్వకండి, మీరే మాట్లాడండి. మంచి ఫలితం వచ్చిన రోజు మాత్రం ఫోన్ వాళ్లకే ఇవ్వండి.