దోర్నకలు బిషప్పు అజరయ్యగారు

పెద్దలు దేవుని స్తుతించుచుండగా పిల్లలను వెలుపల ఆడుకొననిచ్చుట పెక్కుచోట్ల వాడుక. వారు పెరిగిన పిమ్మట భక్తి నేర్చుకొందురులే యని తలిదండ్రులు సమాధానపడుదురు. ఈ తలంపునకు మన ఓరుగల్లు సీమయందే ఒక మహనీయుని జీవితము తగిన ప్రత్యుత్తరముగా నున్నది. ఆయన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు. ఆయన నివసించిన దోర్నకలు ఆనాడు నైజాము రాజ్యమునందలి వరంగల్ జిల్లాలో నుండెను. నేడు మహబూబాబాదు జిల్లాలో చేరియున్నది.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై యను చిన్న గ్రామమున జన్మించిరి. తండ్రి తామసు వేదనాయకముగారు ఆ గ్రామ సంఘమునకు గురువు; తల్లి ఎల్లెనమ్మగారు. ఒక కుమార్తె కలిగిన పిమ్మట పదుమూడేండ్లు కుమారునికొరకు కనిపెట్టిన ఆ దంపతులు, బిడ్డ పుట్టగానే అతనికి శామ్యూలని పేరిడిరి. బైబిలునందలి హన్నా తన బిడ్డను పాలు విడిచిన పిమ్మట దేవుని మందిరమున నప్పగించెను గదా! ఆ సమూయేలు బాల్యమునందే పరిచర్య చేసెను. ఆ పేరు వట్టి పేరుగా నిలువలేదు.

మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనిన పిమ్మట అజరయ్యగారు పదునాలుగేండ్లు క్రైస్తవ యువజన సమాజమునకు కార్యదర్శిగా పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆమె దక్షిణదేశమున కళాశాలకు వెళ్లి చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో నొకరు; భర్త పనిలో సమభాగము వహించిన సాధ్వి. భారతీయులు తమ ధనముతోను తమ మనుష్యులతోను సువార్తపని చేయవలెనను ఉద్దేశముతో 1903లో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘమును స్థాపించుటకు అజరయ్యగారు ముఖ్యకారకులైరి. ఆ సంఘమువారు తమ సేవకు దోర్నకలు ప్రాంతము నెన్నుకొనిరి. ఇతరులను పంపి తాను నిలిచియుండుట న్యాయము కాదని తోచి, 1909లో ఆయన పట్టణపు ఉద్యోగమును విడిచి, గురుపట్టము పొంది దోర్నకలు చేరిరి. అప్పటికి వయస్సు ముప్పదియైదేండ్లు. ఆ వయస్సున తెలుగు నేర్చుకొని, తెలుగువారిలో నొకరైరి. 1912 డిశంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయమున బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

ఆయన మందలోని వారు ఎట్టివారు? మాల మాదిగ కుటుంబములవారు పెక్కుమంది. ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువరకు కూలిపని, కొందరికి వెట్టిచాకిరి. అక్షరము ముక్క యెరుగరు. నడువనేర్చిన బిడ్డ కొద్దికాలములోనే పసులకాపరి యగును. వానిని బడికి పంపినచో ఇంటికి వచ్చెడి గింజలు తగ్గును. ఇట్టి జనులు సంఘముగా నిలువగలరా? ప్రశ్నోత్తరములు వల్లించి మరుసటి యేడు మరచిపోవుదురా? ఇదియే అజరయ్యగారి ముందున్న గొప్ప చిక్కు.

ఆయన కనుగొనిన మార్గము సులభముగా కనబడును గాని శ్రమతో కూడినది. గ్రామమునకు ఉపాధ్యాయుని ఒంటరిగా గాక భార్యాసమేతముగా పంపవలెను. అందుకై దోర్నకలులో భర్తలతోపాటు భార్యలకును శిక్షణ నిచ్చిరి. పగలు పిల్లలకు చదువు. సాయంకాలము కూలిజనులు ఇల్లు చేరిన తరువాత దీపము వెలిగించి ప్రార్థన. అచ్చట ప్రభువు ప్రార్థనయు, విశ్వాసప్రమాణమును, పది ఆజ్ఞలును, బైబిలు కథలును, కీర్తనలును అందరును నోటితో పలికి నేర్చుకొనవలెను. ఈ పాఠమున తాతకును మనుమనికిని తరగతి ఒక్కటే. తరచుగా ముందు నేర్చినవాడు మనుమడే. బడిలో చదువు వచ్చిన బిడ్డ ఇంటికి గ్రంథపాఠకుడగును.

వినుటతో ఆరాధన ముగియరాదని అజరయ్యగారి నిశ్చయము. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపై నుంచుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపకున్న తమకు శ్రమ యనియు పలుకవలెనని నేర్పిరి. తల్లులు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచవలెను. పంటల పండుగకు ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు పీఠము నొద్దకు వచ్చెడివి. ఏమియు లేనివాడు సహితము ఈయగలడని ఆ కుటుంబముల బిడ్డలు చిన్ననాడే కన్నులార చూచిరి. దేశీయ రాగములలోని కీర్తనలను, కోలాటమును, నాటకమును ఆయన తిరస్కరింపక సువార్తకు వినియోగించిరి.

ఈ సందర్భమున ఆర్మీనియా దేశపు పురాతన సంఘమును స్మరించుట యుక్తము. ఆ దేశపు వర్తకులు 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకును మచిలీపట్టణమునకును వచ్చి వ్యాపారము చేసినవారే. వారి సంఘములో చంటిబిడ్డకు బాప్తిస్మమిచ్చిన దినముననే పరిశుద్ధ తైలముతో అభిషేకించి సంస్కారభోజనమును కూడ ఇత్తురు. బిడ్డ ఆ దినమునుండియే పూర్ణ సభ్యుడు. క్రీ. శ. 405 ప్రాంతమున మెస్రోపు మష్తోత్సు అను సన్యాసి తన ప్రజలకు 36 అక్షరముల లిపిని కల్పించి, బాలురను కూర్చి మాతృభాషలో వేదమును నేర్పెను. ఆంగ్లికను ఆచారము వేరు. ఆనాడు అందు బిడ్డ పాఠములు నేర్చి, బిషప్పు హస్తనిక్షేపణము పొందువరకు సంస్కారభోజనమునకు వేచియుండెడిది. అజరయ్యగారు ఆ వేచియుండు కాలమును వ్యర్థముగా పోనీయక నేర్చుకాలముగా చేసిరి. మార్గములు వేరైనను, బిడ్డకు ఆరాధనలో పాలున్నదనుట ఇరువురకును సమ్మతమే.

1930వ దశాబ్దమున గాంధీమహాత్ముడు హరిజనుల మతాంతరమును ఆక్షేపించుచు, బీదజనులు అట్టి విషయములను విచారింపజాలరని అభిప్రాయపడెను. అజరయ్యగారు దేశాభిమానియే, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనిన వారే. అయినను ఈ విషయమున మహాత్మునితో ఏకీభవింపలేదు. బీదవాడును తన ఆత్మను గూర్చి తాను నిర్ణయించుకొనగల మనుష్యుడే యని ఆయన నమ్మకము. ఆ నమ్మకమునకు సాక్ష్యము వాదము వలన గాక, పల్లెలలోని సాయంకాల పాఠముల వలన కలుగవలసియుండెను.

దోర్నకలు ప్రధాన దేవాలయము 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షతా పండుగనాడు, ప్రతిష్ఠింపబడెను. దాని గుమ్మటములు మసీదులను, రాతిస్తంభములు దేవళ మంటపములను జ్ఞప్తికి తెచ్చును. ఆ ఆలయమున అడుగిడు పల్లెబాలునికి అది పరదేశపు ఇల్లుగా తోపరాదని కట్టించినవారి కోరిక. 1945 జనవరి 1న అజరయ్యగారు దోర్నకలులోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన పాటుపడిన సంఘైక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడెను. దానిని ఆయన కన్నులు చూడలేదు.

ప్రియ విద్యార్థులారా, మీలో పలువురి తాతముత్తాతలు అట్టి దీపపు వెలుగున మొదటి అక్షరము నేర్చినవారై యుందురు. మీరు ఆరాధనలో కీర్తన పాడునప్పుడు ఎవరికో తోడుగా పాడుచున్నామని తలంపకుడు. ఆ పని మీది. తలిదండ్రులారా, బిడ్డను మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వాడు కదలును, మాటలాడును, కొన్నిమారులు నిద్రించును. అయినను విత్తనము పడుచునే యుండును.