నేతాజీ కడపటి ప్రయాణం: ఎనభై ఏళ్లయినా తీరని సందేహం

మహనీయులకు జయంతి, వర్ధంతి రెండూ ఉంటాయి. నేతాజీ సుభాష్ చంద్రబోస్‌కు మాత్రం ఊరూరా జయంతి జరుగుతుంది కానీ, వర్ధంతి పేరెత్తడానికి జనం వెనుకాడుతారు. ఆయన 1945 ఆగస్టు 18న విమాన ప్రమాదంలో మరణించారని ప్రభుత్వం చెబుతుంది. ఆ మాటను నమ్మనివారు నేటికీ ఉన్నారు.

బోస్ 1897 జనవరి 23న కటక్ నగరంలో జానకీనాథ్, ప్రభావతి దంపతులకు జన్మించారు. 1920లో ఇంగ్లండులో ఐ.సి.ఎస్. పరీక్ష రాసి నాలుగవ స్థానం పొందారు. మరుసటి ఏడాదే దొరల కొలువు వదులుకొని స్వాతంత్ర్య సమరంలోకి దూకారు. అనేక పర్యాయాలు చెరసాల పాలయ్యారు. 1938లో హరిపుర కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులయ్యారు.

ఆయన అధ్యక్షులుగా ఉన్న ఆ ఏడాదే, ఏప్రిల్ 25న, నేటి చిక్కబళ్లాపురం జిల్లా గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థంలో జాతీయ జెండా కోసం గుమిగూడిన జనంపై మైసూరు సంస్థాన పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరు చనిపోయారన్న విషయంలో సర్కారు లెక్క ఒకటి, జనం లెక్క మరొకటి.

1939లో తెలుగువారైన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యను ఓడించి బోస్ మళ్లీ అధ్యక్ష పదవికి ఎన్నికయ్యారు. పట్టాభికి గాంధీజీ మద్దతు ఉండడంతో విభేదాలు ముదిరి, కొద్ది నెలలకే పదవి విడిచిపెట్టారు. 1941 జనవరిలో కలకత్తాలోని గృహ నిర్బంధం నుంచి మారువేషంలో తప్పించుకొని, కాబూల్ మీదుగా జర్మనీ చేరారు. 1943లో జలాంతర్గామిలో తూర్పు ఆసియాకు బయలుదేరినప్పుడు ఆయన వెంట ఉన్న ఏకైక భారతీయుడు హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్. సింగపూరులో ఆజాద్ హింద్ ఫౌజ్ పగ్గాలు చేపట్టి, అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. మలయా తోటల్లో చెమటోడ్చే తమిళ, తెలుగు కూలీలు సైతం ఆయన పిలుపునకు కదిలారు. 1944లో ఇంఫాల్ వద్ద ఆ సేన వెనుదిరగవలసి వచ్చింది.

1945 ఆగస్టు 15న జపాను లొంగిపోయింది. రెండు రోజుల తరువాత సైగాన్‌లో బోస్ జపాను సైనిక బాంబరు విమానం ఎక్కారు. చోటు చాలక, అనుచరులలో కల్నల్ హబీబుర్ రహమాన్ ఒక్కరినే వెంట తీసుకువెళ్లగలిగారు. 18న విమానం తైవాన్ ద్వీపంలోని తైహోకు, అంటే నేటి తైపే చేరింది. అక్కడ ఇంధనం నింపుకొని మధ్యాహ్నం గాలిలోకి లేచిన కొద్దిసేపటికే ఎడమ ఇంజను పంకా ఊడిపోయి, విమానం నేలకూలి మంటలంటుకుంది. జపాను సేనాని షిదేయి అక్కడే మరణించారు. పెట్రోలుతో తడిసిన దుస్తులతో మంటల గుండా బయటపడిన బోస్, ఒళ్లంతా కాలి, ఆ రాత్రి సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు. ఇదీ అధికారిక కథనం.

సందేహాలు ఊరకనే పుట్టలేదు. మరణవార్త అయిదు రోజులు ఆలస్యంగా, ఆగస్టు 23న వెలువడింది. మృతుని ముఖం చూపే ఛాయాచిత్రం లోకానికి కనబడలేదు. దహన దస్తావేజులో బోస్ పేరు లేదు. ఇచిరో ఒకురా అనే జపాను సైనికుని పేరు ఉంది. అటువంటి ప్రమాదం తమ రికార్డులలో లేదని తైవాన్ ప్రభుత్వం తెలిపింది.

విచారణలు సైతం ఒక్క మాట చెప్పలేదు. 1956లో షా నవాజ్ ఖాన్ సంఘం ప్రమాదం నిజమేనన్నది. అందులో సభ్యుడైన బోస్ అన్నగారు సురేశ్ చంద్రబోస్ అంగీకరించలేదు. 1974లో ఖోస్లా కమిషన్ కూడా ప్రమాదాన్నే ధ్రువపరచింది. 2005లో జస్టిస్ ముఖర్జీ కమిషన్ మాత్రం విమాన ప్రమాదంలో ఆయన మరణించలేదని, టోక్యోలోని రెంకోజీ ఆలయంలో ఉన్న చితాభస్మం ఆయనది కాదని తేల్చింది. 2006లో కేంద్ర ప్రభుత్వం ఆ నివేదికను తోసిపుచ్చింది.

రెండు వైపులా తూచి చూడాలి. హబీబుర్ రహమాన్, ప్రమాదం నుంచి బయటపడిన జపాను సైనికులు, చికిత్స చేసిన వైద్యుడు యోషిమి చెప్పిన సాక్ష్యాలు ముఖ్యమైన విషయంలో ఏకీభవిస్తున్నాయి. జపాను ప్రభుత్వం 1956లోనే రూపొందించి, 2016లో వెలుగుచూసిన నివేదికదీ అదే మాట. ప్రమాదం నాటికి తైవాన్ జపాను ఏలుబడిలో ఉంది. చైనావారు అధికారం స్వీకరించింది ఆ తరువాత అక్టోబరులో. కనుక వారి దగ్గర రికార్డు లేకపోవడం వింత కాదు. సాక్షులు బలంగా ఉన్నారు, కాగితాలు బలహీనంగా ఉన్నాయి. సందేహం నిలిచింది ఆ సందులోనే.

ఆ సందులో పుకార్లు పెరిగాయి. శౌల్‌మారి సాధువు ఆయనేనన్నారు. ఫైజాబాదు గుమ్నామీ బాబా ఆయనేనన్నారు. కాదని విష్ణు సహాయ్ కమిషన్ చెప్పింది. దశాబ్దాల తరబడి ప్రభుత్వాలు ఫైళ్లను గోప్యంగా ఉంచడం అనుమానానికి ఆజ్యం పోసింది. 2015లో పశ్చిమ బెంగాల్, 2016లో కేంద్రం ఫైళ్లను బయటపెట్టడం మొదలుపెట్టినా చివరి ముడి వీడలేదు.

కుమార్తె అనితా బోస్ తండ్రి ప్రమాదంలోనే మరణించారని నమ్ముతున్నారు. నమ్మనివారి కోసం చితాభస్మానికి డి.ఎన్.ఏ. పరీక్ష జరిపించాలని, అస్థికలను స్వదేశానికి తీసుకురావాలని ఆమె కోరారు. తండ్రి అంత్యక్రియల ఋణం తీర్చుకోవడం ప్రతి ఇంటి ధర్మం. దేశం కోసం ఇల్లు విడిచిన మనిషికి ఆ ధర్మం సందేహం నీడన నిలిచిపోయింది.

విదురాశ్వత్థం అమరుల విషయంలోనైనా, తైహోకు ప్రమాదం విషయంలోనైనా ప్రజలు అడిగేది ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు చెప్పమని. ఆయన మరణం ఏ తీరున జరిగినా ఆయన త్యాగానికి తరుగు లేదు. నిజం తేలిననాడు జయంతితో పాటు వర్ధంతి నాడు కూడా ఆయన చిత్రపటానికి సంకోచం లేకుండా పూలదండ వేయవచ్చు.