రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - 1905) సుప్రసిద్ధ భారతీయ ఛాయాగ్రాహకుడు. మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో చేరాడు. అక్కడే 1874లో ఫోటోగ్రఫీ చేపట్టాడు. 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి, గ్వాలియర్, ఖజురహో, సాంచి వంటి చోట్ల ప్రాచీన కట్టడాలను చిత్రించాడు.

తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. 1894లో నిజాము ఇతనికి 'రాజా' బిరుదునిచ్చాడు.

దర్బారు వైభవంతో పాటు 1899-1900 నాటి కరవు సహాయక శిబిరాల్లోని బడుగుల బ్రతుకులను కూడా ఇతని కెమెరా నమోదు చేసింది. ఇతడు బొంబాయిలో మరణించాడు. ఇతని గాజు పలకల నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి.