న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు

క్రిందికోర్టు తీర్పు తప్పని తలచినవాడు పైకోర్టును ఆశ్రయింపవచ్చును. దానినే అప్పీలందురు. అట్టి పైకోర్టులలో పందొమ్మిదేండ్లు న్యాయము చెప్పిన ఆంధ్రుడు కోకా సుబ్బారావుగారు.

ఈయన 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రిగారు న్యాయవాది. సుబ్బారావుగారు స్వస్థలమునను, పిదప మదరాసు లా కాలేజీలోను చదివి, కొలదికాలము బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిరి. అటుపై మదరాసునకు మరలి, బావమరిదియగు రాజమన్నారుగారితో కూడి వకీలు వృత్తి సాగించిరి. 1948లో మదరాసు హైకోర్టు న్యాయమూర్తియైరి.

మునసబు కోర్టునకును హైకోర్టునకును భేదము మెండు. మునసబు ఎదుట సాక్షులు నిలిచి పలుకుదురు. అప్పీలులో సాధారణముగా సాక్షులు మరల రారు. క్రిందికోర్టు కాగితములును, వకీళ్ల వాదములునే ఆధారము. అప్పీళ్లు వేలకొలది వచ్చుచుండును గనుక న్యాయమూర్తులందఱు ప్రతిదానికి కూర్చుండరు. కొన్నిటిని ఒక్కరు, కొన్నిటిని ఇరువురు విందురు. మిక్కిలి చిక్కువానికి మువ్వురో అంతకంటె ఎక్కువమందియో కూర్చుందురు. ఎవరికే పని యప్పగింపవలెనో నిర్ణయించు భారము ప్రధాన న్యాయమూర్తిది.

ఆ భారము సుబ్బారావుగారికి 1954లో వచ్చెను. ఆంధ్రరాష్ట్రము 1953లో ఏర్పడినను దాని అప్పీళ్లు కొంతకాలము మదరాసులోనే నడచెను. 1954 జూలై 5వ తేదీన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసెను. దాని నేర్పాటు చేయుటకు ప్రత్యేకాధికారిగా నుండిన సుబ్బారావుగారే దానికి తొలి ప్రధాన న్యాయమూర్తియైరి. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరింపగా ఆ కోర్టు హైదరాబాదునకు తరలెను. చిన్న మంగళారమునుండి పట్నము పోయినవారు మూసీ యొడ్డున చూచు గుమ్మటముల హైకోర్టు భవనముననే వారు కొలువుదీరిరి.

1958 జనవరి 31వ తేదీన వారు సుప్రీముకోర్టున ప్రవేశించిరి. అచ్చటను ఇదే విభజన కలదు. రాజ్యాంగమును గూర్చిన ముఖ్యప్రశ్నకు మాత్రము కనీసము ఐదుగురు కూర్చుండవలెను. వారిలో భేదాభిప్రాయము కలిగినచో అధికసంఖ్యాకుల మాటయే తీర్పగును. అయినను తక్కినవారు తమ హేతువులను వ్రాసియుంచవచ్చును. 1962లో పోలీసుల నిఘాను గూర్చిన వ్యాజ్యమును ఆరుగురు వినిరి. ఏకాంతత రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదని అధికులు పలికిరి. వ్యక్తిస్వేచ్ఛలో అదియు ఒక భాగమేయని సుబ్బారావుగారు, షాగారు వేఱుగా తలచిరి. నాడు ఓడిన ఆ అభిప్రాయమునే 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు న్యాయమని స్థాపించిరి.

1966 జూన్ 30వ తేదీన వారు భారత ప్రధాన న్యాయమూర్తియైరి. మరుసటి యేడు గోలక్‌నాథ్ వ్యాజ్యమును పదునొకండుగురు వినిరి. పార్లమెంటు ప్రాథమిక హక్కులను తగ్గింపజాలదని ఆరుగురు, తగ్గింపవచ్చునని ఐదుగురు పలుకగా, సుబ్బారావుగారి పక్షము నిలిచెను. 1973లో పదుమువ్వురు కూర్చుండి ఆ తీర్పును త్రోసిపుచ్చిరి. కాని రాజ్యాంగపు మౌలిక స్వరూపమును చెఱుపరాదని గిరిగీసిరి.

1967 ఏప్రిలులో పదవి వీడి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకీర్ హుస్సేనుగారి చేత ఓడిరి. న్యాయపీఠము నుండి నేరుగా ఎన్నికకు పోవుట తగదని పలువురు విమర్శించిరి. 1976 మే 6వ తేదీన పరమపదించిరి.

విద్యార్థులారా, వారి మాట ఒకమారు ఓడి పిదప గెలిచెను. ఒకమారు గెలిచి పిదప ఓడెను. రెండుమారులును వారు తమ హేతువులను వ్రాసియుంచుట చేతనే తరువాతివారు వానిని తూచి చూడగలిగిరి. పదిమందితో ఏకీభవింపనప్పుడు కోపింపక, కారణము చెప్పుట మనమును నేర్వదగిన గుణము.